40 పౌండ్ల ఆశ, 25 పౌండ్ల విల్లు

1వ రోజు

విల్లు కొనాలని నిశ్చయించుకున్నాను కాబట్టి ఈ డైరీ మొదలుపెడుతున్నాను. కప్పీలూ కేబుళ్లూ ఉండే కాంపౌండ్ విల్లు నాకొద్దు. గురి చూసుకునే సైట్ లేకుండా, ముందుకు పొడుచుకొచ్చే కడ్డీలు లేకుండా, నారి లాగి వదిలితే బాణం వెళ్లే పాతకాలపు పద్ధతి విల్లు కావాలి. దీన్నే ట్రెడిషనల్ బో అంటున్నారు.

కాగితం మీద కోరికలు రాసుకున్నాను. ఒకే ముక్కగా ఉండే లాంగ్‌బో. బలం 45 పౌండ్లు. పిడికి తోలు చుట్టి ఉండాలి. గోడకు తగిలిస్తే అందంగా కనిపించాలి. ఈ చివరిది కొట్టేసి, మళ్లీ రాశాను. డైరీలో అబద్ధం ఎందుకు.

45 అనే అంకె ఎక్కడ పట్టుకున్నానో గుర్తులేదు. మేరీ రోజ్ గురించి చదివిన ప్రభావం కావచ్చు. 1545లో ఇంగ్లండ్ తీరం దగ్గర మునిగిపోయిన యుద్ధనౌక అది. 1982లో దాని చట్రాన్ని పైకి లాగారు. ఆ నౌకలో యూ అనే చెట్టు చెక్కతో చేసిన విల్లులు 130కి పైగా చెక్కుచెదరకుండా దొరికాయి. వాటిలో చాలావాటిని పూర్తిగా లాగాలంటే 100 పౌండ్లకు మించిన బలం కావాలని నిపుణుల అంచనా. అది చదివాక 45 అనేది నాకు వినయంగానే అనిపించింది. ఆ విలుకాళ్లు చిన్నప్పటి నుంచీ సాధన చేసినవాళ్లు, నౌకలో దొరికిన అస్థిపంజరాల్లో కొన్నింటి భుజం ఎముకల్లో కూడా ఆ శ్రమ జాడలు కనిపించాయి అన్న వాక్యాన్ని మాత్రం గబగబా దాటేశాను.

4వ రోజు

మా బావ చాలా ఏళ్లుగా విల్లు పడుతున్నాడు. ఆయన దగ్గర కొసలు ముందుకు వంగి ఉండే, మూడు ముక్కలుగా విడదీసే టేక్‌డౌన్ రికర్వ్ ఉంది. 40 పౌండ్లది. "ఒకసారి లాగి చూస్తాను బావా" అన్నాను. "బాణం పెట్టి లాగు. వదలకు. బాణం లేకుండా మాత్రం నారి ఎప్పుడూ వదలకు" అన్నాడు. బాణం ఉంటే వంగిన విల్లులో దాచిన శక్తి దానితో పాటు పోతుంది. లేకపోతే ఆ శక్తంతా విల్లు మీదికే తిరగబడి రెక్కలు చీలిపోతాయట. దీన్నే డ్రై ఫైర్ అంటారు. నేర్చుకున్న మొదటి పాఠం ఇది.

లాగాను. వచ్చింది. దవడ దగ్గరి దాకా నారి వచ్చేసరికి నాకు నేనే శివధనుస్సు ఎత్తినట్టు అనిపించింది. "ఇప్పుడు పది లెక్కపెట్టు" అన్నాడు బావ. నాలుగు దగ్గర ఎడమ చెయ్యి వణకడం మొదలైంది. ఐదుకి కుడి భుజం చెవి దగ్గరికి లేచింది. ఆరు అనకముందే నారి రెండంగుళాలు ముందుకు జారిపోయింది. మెల్లగా దించాను.

"లాగడం వచ్చింది కదా?" అన్నాను.

"లాగడం వచ్చిందిరా. ఆగడం రాలేదు. గురి అంతా ఆగిన చోటే ఉంటుంది."

కాంపౌండ్ విల్లుతో ఉన్న తేడా నాకు అప్పుడు చేతికి తెలిసింది. అందులో పూర్తిగా లాగాక కప్పీల వల్ల వేళ్ల మీది బరువు చాలా తగ్గిపోతుంది. చాలా విల్లుల్లో 70 శాతానికి పైగానే తగ్గుతుంది. ఇందులో అలాంటి దయ లేదు. లాగేకొద్దీ పెరుగుతుంది. గురి చూడాల్సిన క్షణంలోనే అన్నిటికన్నా ఎక్కువ ఉంటుంది. 40 పౌండ్లంటే 18 కిలోలు. వాటిని మూడు వేళ్ల కొసల మీద పట్టుకుని, మనసు లక్ష్యం మీద పెట్టాలన్నమాట.

జిమ్‌లో ఇంతకన్నా ఎక్కువే లాగుతాను కదా అని ఇంటికొచ్చాక కూడా నాలో నేను వాదించుకున్నాను. వాపు చూసి బలుపు అనుకోవడం అంటే ఇదే. ఇక్కడ పనిచేసేవి వీపులో రెక్క ఎముకల మధ్య ఉండే కండరాలు. వాటిని నేను ఇన్నేళ్లలో పలకరించిన పాపాన పోలేదు.

5వ రోజు

ఆ కండరాలు ఇవాళ పలకరించాయి. చొక్కా వేసుకోవడం కష్టమైంది.

7వ రోజు

ఏ కన్ను ముందుండేది అన్న పరీక్ష. రెండు చేతులూ ముందుకు చాచి, అరచేతుల మధ్య చిన్న త్రికోణం లాంటి సందు వదిలి, అందులోంచి దూరంగా ఉన్న ఒక వస్తువును రెండు కళ్లతో చూడాలి. తర్వాత ఒక్కో కన్నూ మూయాలి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే ఉంటుందో అదే ప్రధాన కన్ను.

నేను కుడిచేతి వాటం మనిషిని. కన్ను మాత్రం ఎడమది తేలింది. నమ్మలేక మూడుసార్లు చేశాను. అయినా ఎడమే.

ఇది చిన్న విషయం కాదు. సైట్ లేని విల్లుతో చాలామంది రెండు కళ్లూ తెరిచే ఉంచుతారు. కుడి చేత్తో నారి లాగితే బాణం కుడి కంటి కింద ఉంటుంది. మెదడు మాత్రం ఎడమ కన్ను చెప్పిన మాట వింటుంది. బాణం పక్కకు పోతుంది. కుడిచేత్తోనే లాగుతూ ఎడమ కన్ను సగం మూసుకుని సర్దుకుపోయేవాళ్లు ఉన్నారు. బావ మాట ఏమిటంటే, ఇంకా ఏ అలవాటూ పడలేదు కాబట్టి నేను కన్ను వెంటే వెళ్లాలి. అంటే ఎడమ చేత్తో లాగే విల్లు. పట్టుకునేది కుడి చెయ్యి.

వెనక్కి తిరిగి చూస్తే, 4వ రోజు చేసిన పరాక్రమమంతా తప్పు చేత్తో చేశాను. లెక్కలోకి రాదు. కాస్త ఊరట.

9వ రోజు

డ్రా లెంగ్త్ కొలత. నేను నారిని ఎంత దూరం లాగుతానో అది. విల్లు ఎంపికలో సగం లెక్కలు దీని మీదే నడుస్తాయి. ఇక్కడే నేను ఒక పూట పాడుచేసుకున్నాను.

సులువైన అంచనా ఒకటి ఉంది. చేతులు రెండూ బార్లా చాచి ఈ వేలి కొస నుంచి ఆ వేలి కొస దాకా కొలిచి, 2.5తో భాగించాలి. నాది 66 అంగుళాలు. భాగిస్తే 26.4 వచ్చింది. పేరున్న కొలత 28 కదా, నాది తక్కువేమిటని మనసు ఒప్పుకోలేదు. బావ దగ్గర ఏ చేత్తోనైనా పట్టగలిగే 20 పౌండ్ల తేలిక విల్లు ఉంది. ఒక పొడవాటి బాణానికి బట్టల క్లిప్పు పెట్టి, లాగి చూశాను. నారి లాగుతుంటే క్లిప్పు విల్లు ముందు భాగానికి తగిలి, పుల్ల మీద ములికి వైపు జరుగుతుంది. ఆగిన చోట గుర్తు పెట్టుకోవాలి. మొదటిసారి సరిగ్గా 28 వచ్చింది. సంతోషించాను.

బావ ఫోన్‌లో తీసిన వీడియో చూపించాడు. ఛాతీ ముందుకొచ్చింది, తల వెనక్కి వంగింది, నారి చెవి దాటింది. "ఫోటో దిగుతున్నావా, విల్లు పడుతున్నావా?" అన్నాడు. మళ్లీ చేశాను. ఈసారి చూపుడువేలు పెదవి మూలకు తాకగానే ఆపాను. ప్రతిసారీ అక్కడే ఆగాలి. దానికి యాంకర్ అని పేరు. ఐదుసార్లు చేస్తే నాలుగుసార్లు క్లిప్పు 26.5 దగ్గరే ఆగింది. మొదట వేళ్ల కొసలతో కొలిచిన లెక్కే దాదాపు నిజం.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. టేపుతో నారి నుంచి పిడి లోతు దాకా కొలిస్తే నాకు 24.75 మాత్రమే వచ్చింది. కంగారుపడ్డాను. విల్లుల మీద వాడే ప్రామాణిక కొలతలో దానికి 1.75 అంగుళాలు కలుపుతారట. కలిపితే 26.5. పిడి లోతు నుంచి అంత ముందుకొస్తే దాదాపు విల్లు ముందు అంచు. క్లిప్పు ఆగింది కూడా అక్కడే. రెండు లెక్కలూ కలిసేసరికి ఒక రకమైన తృప్తి.

ఈ తంతు అంతా ఎందుకంటే, విల్లు మీద రాసే బలం 28 అంగుళాలు లాగినప్పటిది. అంతకు తగ్గితే అంగుళానికి సుమారు 2 నుంచి 3 పౌండ్లు తగ్గుతుంది, పెరిగితే పెరుగుతుంది. అంటే 45 అని రాసిన విల్లు కొని ఉంటే నా చేతిలో అది ఎలాగూ 45 అయ్యేది కాదు.

14వ రోజు

ఐదు రోజులుగా ఏ రకం కొనాలన్న దాని మీదే ఉన్నాను. నిద్రలో కూడా విల్లులే.

ఒకే చెక్కను చెక్కి చేసే సెల్ఫ్‌బో అంటే గౌరవం. డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ బురదనేలలో దొరికిన ఎల్మ్ చెక్క విల్లులు సుమారు 9000 ఏళ్ల నాటివి. వాటి రూపం చూస్తే ఇవాళ ఎవరైనా గుర్తుపట్టి విల్లు అనగలరు. కానీ ప్రతిసారీ వాడాక నారి దించాలి, తేమను చూసుకోవాలి, కొన్నాళ్లకు చెక్క వంపు పట్టి బలం తగ్గుతుంది. విల్లు గురించి ఏమీ తెలియనివాడికి, తప్పు తనదో చెక్కదో తేల్చుకోలేని వస్తువు. పక్కన పెట్టాను.

లాంగ్‌బో. నా మొదటి ప్రేమ. ఈ రోజుల్లోవి ఎక్కువగా చెక్క పొరలూ ఫైబర్‌గ్లాస్ పొరలూ అతికించి చేస్తారు. తేలిగ్గా ఉంటుంది. రెక్కలు మందంగా, ఇరుగ్గా ఉంటాయి కాబట్టి పట్టు కాస్త అటూ ఇటూ అయినా మెలితిరగవు. బావ స్నేహితుడిది ఒకటి పట్టి చూశాను. వదిలాక చేతికి ఒక కుదుపు వస్తుంది. అది కొందరికి ఇష్టం. నాకు ఇబ్బంది కుదుపు కాదు. ఒకే ముక్క కావడం. 25 పౌండ్లది కొంటే జీవితాంతం 25. 40ది కొంటే, అందుకోలేనంత కాలం గోడ మీద బొమ్మ. గోడ కోరిక అప్పుడే తీరుతుందనుకోండి.

గుర్రపు స్వారీవాళ్ల పొట్టి విల్లు, అంటే హార్స్‌బో, నన్ను బాగా ఊరించింది. దానికి బాణం ఆనించే మెట్టు ఉండదు. పిడికిలి మీదే బాణం పెడతారు. కాబట్టి కుడి, ఎడమ తేడా లేదు. నా కన్ను సమస్య ఒక్క దెబ్బతో తీరిపోతుంది. కానీ బాణం వేళ్లను రాసుకుంటూ పోతుంది, ఈక మొదలు గట్టిగా ఉంటే చర్మం కోస్తుంది. పైగా పొట్టి విల్లులో పూర్తిగా లాగినప్పుడు నారి బాగా కోణంగా వంగి వేళ్లను నొక్కుతుంది. కొన్నింటిలో చివరి అంగుళంలో బరువు ఒక్కసారిగా పెరుగుతుంది. స్టాకింగ్ అంటారు. రెండో విల్లుగా బాగుంటుందేమో.

చివరికి మిగిలింది బావ చెప్పిన మొదటి మాటే. టేక్‌డౌన్ రికర్వ్. మధ్యలో చెక్కతో చేసిన పిడి భాగం, దాన్ని రైజర్ అంటారు. పైనా కిందా బోల్టుతో బిగించే రెండు రెక్కలు, అవి లింబ్‌లు. రెక్కల కొసలు ముందుకు వంగి ఉంటాయి. ఆ వంపు వల్ల అదే బరువుకి కాస్త ఎక్కువ శక్తి నిల్వ అవుతుంది. బలం పెంచుకోవాలంటే లింబ్‌లు మారిస్తే చాలు. నా విషయంలో ఇంకో లాభం కూడా ఉంది. లింబ్‌లకు కుడి ఎడమలు లేవు. బాణం ఆనే మెట్టు రైజర్‌లోనే ఉంటుంది. ఎడమ చేత్తో లాగడం నాకు అచ్చిరాకపోతే మార్చాల్సింది రైజర్ ఒక్కటే.

ఐఎల్ఎఫ్ అనే అమరిక ఉన్నవి ఇంకా మేలని కొందరన్నారు. ఒక కంపెనీ రైజర్‌కి ఇంకో కంపెనీ లింబ్‌లు పడతాయి, లింబ్ కోణం కూడా కాస్త సర్దుకోవచ్చు. నిజమే. కానీ సర్దుకునే మరలు చేతిలో ఉంటే నేను బాణాలు వెయ్యడం మానేసి మరలు తిప్పుతూ కూర్చుంటాను. నా సంగతి నాకు తెలుసు.

పొడవు 62 అంగుళాలు. 26.5 లాగేవాడికి వేళ్లు నలగకుండా ఇది చాలు. నా డ్రా 29 అయ్యుంటే 64, 66 చూసేవాణ్ణి.

బలం దగ్గర మాత్రం ఇంకా బేరం ఆడాను. "30 తీసుకుంటాను బావా, 25 మరీ పిల్లల విల్లులా ఉంటుంది." ఆయన తేలిక విల్లు చేతికిచ్చి, ఎడమ చేత్తో లాగి పది లెక్కపెట్టమన్నాడు. ఎనిమిదికి వణికాను. 20 పౌండ్లకి! ఎడమ చెయ్యి ఇంతవరకూ పళ్లెం పట్టుకోవడం తప్ప ఏ పనీ చెయ్యలేదు మరి. మాట్లాడకుండా 25 ఆర్డర్ పెట్టాను.

21వ రోజు

వచ్చింది. పెట్టె విప్పగానే బిగించేయాలని చేతులు దురదపెట్టాయి. ముందు పరిశీలన.

ఒక ఉండ దూది తీసుకుని రెండు లింబ్‌ల మీదా, అంచుల వెంబడీ మెల్లగా రుద్దాను. కంటికి కనిపించని పగులో పేడో ఉంటే దూది పోగు తట్టుకుంటుంది. ఎక్కడా తట్టుకోలేదు. బోల్టు రంధ్రాల చుట్టూ వెలుగులో చూశాను. కొసల్లో నారి కూర్చునే గాళ్లు నున్నగా ఉన్నాయి. బలం, పొడవు రాసిన లింబ్ కిందది. ఇది మొదట పైన బిగించి, తర్వాత సూచనల కాగితం చదివాను.

విల్లుకి వీపూ పొట్టా ఉంటాయని ఇవాళే తెలిసింది. లక్ష్యం వైపు ఉన్నది వీపు, మన వైపు ఉన్నది పొట్ట. నేను తిరగేసి అనుకున్నాను.

22వ రోజు

నారి ఎక్కించడం. కాళ్ల మధ్య విల్లు పెట్టి తొడతో వంచే పద్ధతి ఫోటోల్లో ఠీవిగా ఉంటుంది కానీ, రికర్వ్ లింబ్ మెలితిరగడానికి దాన్ని మించిన దారి లేదు. తాడుతో చేసే బో స్ట్రింగర్ వాడాను. రెండు కొసలకూ తాడు తొడిగి, తాడు మీద పాదం పెట్టి, పిడి పట్టుకుని పైకి లేపితే లింబ్‌లు సమానంగా వంగుతాయి. నారి గాడిలోకి జారుతుంది. రెండో ప్రయత్నానికి వచ్చింది. మొహం పక్కకి పెట్టుకునే చేశాను.

విల్లుతో వచ్చినది డాక్రాన్ అనే పాలియెస్టర్ దారపు నారి. కొద్దిగా సాగుతుంది, అందుకే విల్లు మీద మెత్తగా ఉంటుంది. దాదాపు సాగని కొత్త రకం దారాలతో వేగం కాస్త పెరుగుతుంది కానీ, కొసలు గట్టిపరచని పాత విల్లులకు అవి ప్రమాదం. 62 అంగుళాల రికర్వ్‌కి నారి అసలు పొడవు 58 ఉంటుంది, నాలుగు తక్కువ. విడిగా కొనేటప్పుడు పనికొచ్చే లెక్క.

విల్లును కిందికి వంచి పట్టుకుని, నారి రైజర్ మధ్యగా పోతోందో లేదో చూశాను. రెండు లింబ్‌ల మధ్య గీతలా పోతోంది.

తర్వాత బ్రేస్ హైట్. అంటే నారికీ పిడి లోతుకీ మధ్య దూరం. ఇలాంటి విల్లుకి 7.5 నుంచి 8.25 మధ్య ఉండమన్నారు. 7.25తో మొదలైంది. బాణం పెట్టి వదిలితే తంబుర తెగినట్టు శబ్దం. నారి తీసి, మెలికలు వేసి, మళ్లీ ఎక్కించి 7.75కి తెచ్చాను. శబ్దం మెత్తబడింది. 8 దగ్గర 'ధప్' మని ఒక్క మాట. 8.25 దగ్గర పెద్ద తేడా లేదు. 8కే వచ్చాను.

23వ రోజు

పొద్దున్న కొలిస్తే 7.75. రాత్రికి రాత్రి నారి సాగింది. కొత్త నారికి ఇది మామూలేనట. ఇంకో ఆరు మెలికలు.

24వ రోజు

సూట్‌కేసు తూచే కాటా కొక్కేనికి గుడ్డ చుట్టి నారికి తగిలించాను. బాణం మీద 26.5 దగ్గర గుర్తు. బావ విల్లు పట్టుకున్నాడు, నేను కాటాను మెల్లగా లాగాను. గుర్తు అంచుకు రాగానే 9.9 కిలోలు చూపించింది. అంటే 22 పౌండ్లకు కాస్త తక్కువ. మూడుసార్లూ అంతే.

కాగితం మీద 45తో మొదలైన మనిషిని. చేతిలో 22.

25 నుంచి 38వ రోజు దాకా

ఈ రెండు వారాలకు రోజుకో పేజీ అక్కర్లేదు. పాత బట్టలతో గోనెసంచి కూరాను. జిప్పులూ గుండీలూ కత్తిరించి తీసేశాను, లేకపోతే బాణం ములికి పాడవుతుంది. దాని వెనక పెద్ద మట్టి దిబ్బ. 5 మీటర్ల దూరం నుంచి, లక్ష్యం గుర్తు ఏదీ పెట్టకుండా, రోజుకు 30 బాణాలు. గురి చూడటానికి ఏమీ లేకపోతే మనసు భుజం మీదికి, వేళ్ల మీదికి పోతుంది. బాణాలు బావ ఇచ్చిన పాతవి.

రెండో రోజే ముంజేతి లోపలి వైపు నారి తగిలి చింతపండు రంగులో కమిలింది. ఆర్మ్‌గార్డ్ ఉంది, ఎడమ చేతికి వేసుకున్నాను. విల్లు పట్టుకున్నది కుడి చేత్తో. మోచేతిని కాస్త బయటికి తిప్పి పట్టుకోవడం నేర్చుకున్నాక తగలడం ఆగింది. వేళ్లకు తోలు ట్యాబ్ వాడుతున్నాను. చూపుడువేలు బాణానికి పైన, రెండు వేళ్లు కింద. నారి మీద బాణం కూర్చునే చోట, మెట్టుకు సరిగ్గా ఎదురయ్యే చోటికి అర అంగుళం పైన, దారం చుట్టి ముడివేసి కొంచెం జిగురు పెట్టాను.

38వ రోజు ఎడమ చేత్తో లాగి పది లెక్కపెట్టాను. వణకలేదు. పదమూడు దాకా వెళ్లాను.

40వ రోజు

సొంత బాణాలు వచ్చాయి. కార్బన్ పుల్లలు, స్పైన్ 600. స్పైన్ అంటే పుల్ల ఎంత వంగుతుందో చెప్పే కొలత. పుల్లను 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద పెట్టి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీస్తే ఎంత వంగిందో దాన్ని అంగుళంలో వెయ్యో వంతుల్లో చెబుతారు. 600 అంటే 0.6 అంగుళం. అంకె పెరిగితే పుల్ల మెత్తన. ఇది నాకు తలకిందులుగా అనిపించి రెండుసార్లు చదివాను.

ఇంత తలనొప్పి ఎందుకంటే, బాణం విల్లు మధ్యలోంచి పోదు, పక్కగా పోతుంది. వదిలిన క్షణంలో చేపలా వంగి, రైజర్‌ను తప్పించుకుని, తర్వాత సరళమవుతుంది. మరీ బిరుసైతే తప్పించుకోలేదు. మరీ మెత్తనైతే అతిగా వంగుతుంది.

పరీక్ష ఏమిటంటే, ఈకలున్న బాణాలు మూడు, ఈకల్లేని బోడి పుల్లలు రెండు, ఒకే చోటికి వెయ్యాలి. ఈకలు తప్పును దిద్దుతాయి. బోడి పుల్ల దాచదు. 10 మీటర్ల నుంచి వేశాను. బోడి పుల్లలు రెండూ జానెడు కుడివైపు పోయాయి. నా దగ్గరున్న పట్టికలో కుడికి పోతే పుల్ల మెత్తన అని ఉంది. పుల్ల పొట్టిదైతే బిరుసు పెరుగుతుంది. కాబట్టి మాస్కు వేసుకుని, ఒకదాన్ని అంగుళం కోశాను.

41వ రోజు

కోసిన పుల్ల ఇంకా కుడికి పోయింది. వదిలినప్పుడల్లా రైజర్‌కి టక్‌మని తగులుతోంది. నా వదలడంలో తప్పేమోనని పూటంతా వదలడం సరిచేసుకున్నాను. తర్వాత బాణాలను తిట్టాను. ఆడలేక మద్దెల ఓడు అంటారే, ఆ మాట గుర్తొచ్చి ఊరుకున్నాను.

రాత్రి బావకి ఫోన్ చేసి పట్టిక చదివి వినిపించాను. అవతల కాసేపు మౌనం.

"నువ్వు ఏ చేత్తో లాగుతున్నావురా?"

"ఎడమ..."

ఆ పట్టిక కుడిచేత్తో లాగేవాళ్లది. నాకు అంతా అద్దంలో బొమ్మ. కుడికి పోయిందంటే పుల్ల బిరుసు. బిరుసు పుల్లను కోసి ఇంకా బిరుసు చేశాను. ఈసారి నిజంగానే మద్దెల కూడా ఓడే. 22 పౌండ్లకి 600 స్పైన్ ఇనపచువ్వతో సమానం. మిగిలిన పుల్లలకు 100 గ్రెయిన్ల (బాణం బరువుకి వాడే చిన్న కొలత) ములికి బదులు బరువైనది పెట్టి మెత్తబరచవచ్చు కానీ ఇంత తేడాకి అది చాలదు.

పట్టిక మీద స్కెచ్ పెన్నుతో 'కుడి', 'ఎడమ' మాటలు కొట్టేసి తిరగరాశాను.

49వ రోజు

900 స్పైన్ పుల్లలు ఆరు, 29 అంగుళాలవి. కొయ్యలేదు. ఈకలు నేనే అతికించాను. నాలుగంగుళాల ఈకలు, బాణానికి మూడు, ఈకలు పట్టి ఉంచే జిగ్‌లో పెట్టి ఒక్కోటీ 120 డిగ్రీలు తిప్పుతూ. ఈకల బదులు వాడే ప్లాస్టిక్ వేన్లు పనికిరావు, చెక్క మెట్టు మీదుగా పోయేటప్పుడు ఈక ఒంగిపోతుంది, ప్లాస్టిక్ ఒంగక బాణాన్ని తన్నేస్తుంది. ఒక బాణానికి పెట్టే ఈకలన్నీ పక్షి ఒకే వైపు రెక్కవి కావాలన్నది కూడా కొత్త సంగతే. కుడివీ ఎడమవీ కలిస్తే ఒకటి అటు, ఒకటి ఇటు ఒంపు తిరిగి ఉంటాయి. మూడో బాణానికి అతికిస్తుంటే నా చొక్కా కూడా అతుక్కుంది.

100 గ్రెయిన్ల ములికితో బోడి పుల్ల నాలుగు వేళ్లు కుడికి. 125 పెట్టాను. ఈకల బాణాల్లో కలిసిపోయింది. మరోసారి వేశాను. మళ్లీ కలిసింది. టక్ శబ్దం లేదు. ఒక్కడినే అరిచాను.

చిన్నపాటి త్రాసుతో తూచితే బాణం బరువు 320 గ్రెయిన్లకు కాస్త అటూ ఇటూ. విల్లు బలంలో ఒక్కో పౌండుకు 14 గ్రెయిన్లకు పైగా వచ్చింది. పౌండుకు 8 కన్నా తగ్గితే విల్లు మీద భారం పడుతుందంటారు. ఆ దిగులు లేదు. వేగం తక్కువే. 10 మీటర్ల దూరానికి వేగంతో నాకేం పని.

63వ రోజు

సంచి మీద అన్నం పళ్లెం అంత కాగితం అతికించి, 10 మీటర్ల నుంచి ఆరేసి చొప్పున ఆరు విడతలు వేశాను. 36లో 27 కాగితం మీద. చివరి విడతలో ఆరూ పడ్డాయి, అందులో రెండు ఒకదానికొకటి రాసుకుని ఒక ఈక చీలింది.

బావ తన పాత 30 పౌండ్ల లింబ్‌లు తెచ్చాడు. అదే అమరిక, నా రైజర్‌కి సరిపోయాయి. లాగి లెక్కపెట్టాను. ఏడు దాకా బాగానే ఉంది, ఎనిమిదికి భుజం లేచింది. మూడు బాణాలు వేశాను. మూడూ కాగితం కింద గోనెలో దిగాయి. లింబ్‌లు విప్పి ఇచ్చేశాను. "ఉంచుకోరా" అన్నాడు. వద్దన్నాను. ఇంట్లో ఉంటే రోజూ బిగించి చూస్తాను.

రేపు చెయ్యాల్సినవి: నారికి మైనం పట్టించాలి. నాక్, అంటే బాణం తోక గాడి, కూర్చునే చోట నారి మీద చుట్టిన సర్వింగ్ దారం వదులవుతోంది, అది చుట్టడం నేర్చుకోవాలి. చీలిన ఈక మార్చాలి. బ్రేస్ హైట్ మళ్లీ కొలవాలి, నిన్న 7.875 ఉంది.